ఖాళీ బిళ్ళతో మొదలు

డామినో ఆటలో జంట ఆరు ఎవరికొస్తే వాళ్ళు ముందు వెయ్యాలంటారు. చాలా చోట్ల అలాగే ఆడతారట. ఆడుకోనివ్వండి, నాకేం. నేను మాత్రం ఒప్పుకోను. పెళ్ళయి హైదరాబాదు వచ్చిన కొత్తలో పక్కింటివాళ్ళు ఆటకు పిలిచారు. ఆ ఇంటాయన జంట ఆరు వెయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. "జంట ఖాళీ ఎవరి దగ్గరుంది? మొదలు వాళ్ళది కదా" అన్నాను. ఈ రూలు ఎక్కడిదమ్మా అని ఆయన నవ్వాడు. "కుంటది" అన్నాను. కుంట ఎక్కడుందో ఆయనకు తెలియదు. బస్తరు రాజ్యానికి దక్షిణపు కొసన, శబరి ఒడ్డున, అని చెప్పాను. ఆ అడవిలో డామినో ఆడేవాళ్ళున్నారా అని ఆయన నోరు తెరిచాడు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ పూట జంట ఖాళీతోనే మొదలుపెట్టించి, మూడుసార్లూ గెలిచి, కాఫీ తాగి వచ్చేశాను. రూలు వెనకున్న కథ మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఆట తెలియని వాళ్ళకోసం ఒక మాట. వేలెడు పొడవున్న బిళ్ళ, దాని మధ్యలో ఒక గీత. గీతకు అటూ ఇటూ చుక్కలుంటాయి. ఒక్క చుక్క నుంచి ఆరు దాకా ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. రెండువైపులా ఒకే లెక్క ఉంటే అది జంట. చాప మీదున్న వరసలో చివరి చుక్కలకు సరిపడే బిళ్ళ మన దగ్గరుంటే పక్కన పెడతాం, లేకపోతే ఊరుకుంటాం. చేతిలోవి ముందు ఎవరికి అయిపోతే వాళ్ళు గెలిచినట్టు. ఇంతే.

ఈ ఆట చైనాలో పుట్టిందని పెద్దయ్యాక చదివాను. రెండు పాచికల ముఖాలను పక్కపక్కన పెట్టి ఒకే బిళ్ళ మీదికి ఎక్కించారట. పాచికకు చుక్కలేని ముఖం ఉండదు కనుక వాళ్ళ బిళ్ళల్లో ఖాళీ లేదు. ఆట ఐరోపా చేరాక అక్కడెవరో ఖాళీని కలిపారు. ఆ మనిషి ఎవరో గానీ, మా ఇంటికి చాలా మేలు చేశాడు.

కుంటలో మాది ఉప్పు, గుడ్డల దుకాణం. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ తెచ్చిచ్చి ఉప్పు పట్టుకుపోయేవాళ్ళతో అరుగు ఎప్పుడూ నిండి ఉండేది. ఒకరు దోర్లీ, ఒకరు గోండి, పైన జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు హల్బీ, సర్కారు మనుషులు హిందీ. మా నాయన ఒక్క పూటలో నాలుగు భాషల్లో బేరమాడి, ఇంట్లోకి వచ్చి తెలుగులో విసుక్కునేవాడు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మా మేనత్త, అంటే నాయన చెల్లెలు, అక్కడే కాపురముండేది. మామ గోదావరి జిల్లా మనిషి, రంగూన్‌లో ఒక కలప డిపోలో గుమాస్తా. అత్తకు ఓడలో చోటు దొరికింది, మామకు దొరకలేదు. అత్త కాకినాడలో దిగి, భద్రాచలం మీదుగా చివరికి ఎడ్లబండిలో మా ఇంటికి చేరింది. ఆమె వెంట ఉన్నవి ఒక చీరల మూట, ఒక చెక్కపెట్టె. పెట్టెలో డామినో బిళ్ళలున్నాయి. ముఖం తెల్లటి ఎముక, వీపు నల్లటి కర్ర, మధ్యన చిన్న ఇత్తడి మేకు. రంగూన్‌లో ఒక చీనావాడి కొట్టులో కొన్నారట.

మొత్తం ఇరవై ఎనిమిది ఉండాలి. ఒకటి లేదు.

అది మామ దగ్గరుంది. ఓడ దగ్గర విడిపోయేటప్పుడు అత్త పెట్టెను ఆయన చేతిలో పెట్టబోయిందట. మామ పెట్టె తెరిచి, బిళ్ళలన్నీ కెలికి, జంట ఖాళీని ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడట. "కొండలు దాటి నడిచేవాణ్ణి, నాకు బరువెందుకు? చుక్కల్లేంది ఇది ఒక్కటి చాలు. ఇది తెచ్చి ఇచ్చేదాకా మీవాళ్ళకి ఆట కుదరదు, గుర్తుంచుకో" అన్నాడట. ఈ మాట చెప్పినప్పుడల్లా అత్త నవ్వేది. నవ్వు సగంలో ఆపి వంటింట్లోకి పోయేది.

ఆట కుదరకపోవడమేమిటి, బ్రహ్మాండంగా కుదిరింది. దుకాణం సద్దుమణిగిన మధ్యాహ్నం వేళ అరుగు మీద చాప పరిచేవాళ్ళం. అత్త, నాయనమ్మ, నేను, నాలుగో చెయ్యి ఎవరు దొరికితే వాళ్ళు. ఒక్కొక్కరికి ఏడు బిళ్ళలు రావాలి. ఒకటి తక్కువ కదా, ఒకరికి ఆరే వచ్చేవి. ఆరు వచ్చినవాళ్ళకు తొందరగా అయిపోతాయి, గెలుపు సులువు. ఆ ఆరు కోసం నేను పడని గొడవ లేదు. నాయనమ్మ కావాలనే ఒక బిళ్ళను మోకాలి కింద దాచి "నాకు ఆరే వచ్చినయి" అనేది. నేను మోకాలు ఎత్తి చూపించేదాన్ని. "ఇది ఆడపిల్లనా, తహసీల్దారా?" అని నాయనమ్మ వాపోయేది. ఆట దగ్గర చిన్న తొండి జరిగినా నేను ఊరుకోనని బజారంతటికీ తెలుసు.

నాలుగో చెయ్యిగా ఎక్కువసార్లు కూర్చున్నది దువ్వెనలు చెక్కే దోర్ల ఆయన. కొత్త దువ్వెనలు బజారులో అమ్ముకుని, మా దగ్గర ఉప్పు తీసుకుని ఇంటికి పోయేవాడు. ఆట మొదటిరోజే పట్టేశాడు. అందులో పట్టడానికి ఏముంది, చుక్కలకు భాష లేదుగా. జగదల్‌పూర్ నుంచి వచ్చిన సిపాయి, తునికాకు కట్టే ఆడమనిషి, మా నాయనమ్మ ఒకే చాప మీద కూర్చుని, ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే పూటంతా ఆడుకున్న రోజులున్నాయి. ఈ ఆట ఇన్ని దేశాలు ఎలా తిరిగిందని ఎవరైనా అడిగితే నాకు ఆ అరుగే గుర్తొస్తుంది. పక్కవాళ్ళ కొసకు మన దగ్గరున్నది కలిపితే చాలు. కలపలేకపోతే తప్పేమీ లేదు, మళ్ళీ మన వంతు వస్తుంది. మనుషులకు ఇంతకంటే ఏం కావాలి?

ఆట మధ్యలో అత్త మామ సంగతులు చెప్పేది. నాకు బాగా గుర్తున్నది చేపల సంగతి. ఒకరోజు సాయంత్రం చేపలు తెస్తానని చెప్పి వెళ్ళాడట. బజారులో దొరకలేదు. ఉత్త చేతుల్తో ఇంటికి రావడానికి మొహం చెల్లక వీధి చివర గట్టు మీద కూర్చుండిపోయాడట. అన్నం వండి ఎదురుచూసి చూసి, చివరికి అత్తే పోయి పిలుచుకొచ్చింది. "ఏదన్న తెస్తనంటే తేవాలె. తేకుంటే ఇంట్ల అడుగుపెట్టడు. గసుంటి మనిషి" అని అత్త తల పట్టుకునేది. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం.

వానలు వచ్చాయి, పోయాయి. మామ రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళు కొందరు గోదావరి ఊళ్ళు చేరారని విని నాయన రాజమండ్రి దాకా పోయి వచ్చాడు. ఆ మనిషిని చూశామన్నవాళ్ళు ఒక్కరు లేరు. దారిలో చాలామంది పోయారని మాత్రం అందరూ చెప్పారు. నాయన ఆ మాట ఇంట్లో చెప్పలేదు గానీ, చెప్పనిది కూడా మొహంలో తెలుస్తుంది.

తరువాత భద్రాచలం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, నాయనమ్మకు వరసకు అక్క. అత్త నుదుటి బొట్టు వైపు, చేతి గాజుల వైపు రెండు రోజులు చూసి, మూడోనాడు అందరి ముందే అనేసింది. "ఎన్నాళ్ళని చూస్తరు? ఆయన లేనట్టే గదా. చెయ్యాల్సినవి చేయించండి. ఊళ్ళె నలుగురు అనుకుంటున్నరు."

నలుగురూ ఏమీ అనుకోవడం లేదు, అనుకున్నది ఆవిడే. నేను ఆ మాట అనబోతుంటే నాయన కళ్ళతోనే ఆపాడు. అత్త మాత్రం చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "బిళ్ళ రానియ్యి పెద్దమ్మా. అప్పుడు మాట్లాడుదం" అంది. ఆవిడకు అర్థం కాలేదు. మాకందరికీ అర్థమైంది.

అప్పటి నుంచి ఆ లేని బిళ్ళ మా ఇంట్లో ఒక మనిషైపోయింది. దాని చోట వేరేది చేయిద్దామని అంతకుముందు నేనే ఎన్నోసార్లు పోరు పెట్టాను. ఇక ఆ మాట ఎత్తడం మానేశాను. ఆరు వచ్చినవాళ్ళు గెలిస్తే గెలవనీ అని ఊరుకున్నాను. నేను ఊరుకున్నానంటే సంగతి ఎంతదాకా వచ్చిందో చూడండి.

రెండో వానకాలం వెళ్ళి చలి మొదలైన రోజుల్లో, దువ్వెనల ఆయన ఉప్పు కోసం వచ్చాడు. అత్త లోపలి నుంచి పెట్టె తెచ్చి, అందులోంచి ఒక బిళ్ళ తీసి ఆయన చేతికిచ్చింది.

"అన్నా, సరిగ్గ ఇదే కొలతకు ఒకటి చేసియ్యాలె."

ఆయన తిప్పి చూశాడు. "ఏం చెక్కాలె చెల్లె? ఎన్ని చుక్కలు?"

"చుక్కలు వద్దు. ఖాళీగ ఉండాలె."

"ఏం లేకుంటే నేనెందుకు? కట్టెముక్క ఇస్త తీసుకో" అని ఆయన నవ్వాడు. అత్త నవ్వలేదు. ఆయన కూడా ఆపి, కొలత కోసం బిళ్ళను రుమాలులో కట్టుకుని వెళ్ళాడు.

తలుపు దగ్గర నిలబడ్డ నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన దుకాణంలోకి పోయి, సర్దిన గుడ్డలనే మళ్ళీ సర్దాడు. మామ తెస్తానన్న బిళ్ళను అత్త చేయించుకుంటోందంటే ఇంకేమనుకోవాలి? అత్త ఆశ వదిలేసుకుందనే అనుకున్నాం. నాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు ఆగలేకపోయిందా అని రెండు రోజులు అత్తతో మాట్లాడలేదు. ఆమె జడ వేస్తానంటే వేయించుకోలేదు, నాయనమ్మ చేత వంకరగా వేయించుకున్నాను.

తరువాతి వారం బజారుకు ఆయన కొలతకిచ్చిన బిళ్ళతో పాటు కొత్తది తెచ్చాడు. అంకుడు కర్రతో చేశాడు. ముఖం నునుపు, ఎముకకు తీసిపోని తెలుపు. కానీ వీపు కూడా తెల్లగానే ఉంది, దాని మీద సన్నటి అడ్డగీతలు, మధ్యన ఒక వంకీ. ఆయన దువ్వెనల మీద చెక్కే గీతలే అవి. "ముఖం నువ్వు చెప్పినట్టే ఖాళీగ ఉంచిన. ఎనకదిక్కు నేను చెక్కుకున్న. నా చేతిల నుంచి ఉత్తది ఇయ్యబుద్ధి కాలే" అన్నాడు. అత్త దాన్ని బొటనవేలితో రుద్ది చూసి, బాగుంది అన్నా అంది. ఆయన ఉప్పు మూటలో ఇంకో దోసెడు వేసింది.

దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసింది. పోనీ ఇప్పుడైనా నిండు ఆట ఆడదామా అని అడిగాను. "ఇది ఆడేదానికి గాదు" అంది. మరెందుకత్తా అంటుంటే పెట్టె పట్టుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆటే ఆగిపోయింది. మధ్యాహ్నాలు అరుగు మీద చాప పరవలేదు. ఆటకని వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇలా కొంతకాలం గడిచింది. శబరి నీళ్ళు బాగా తగ్గి, మధ్యన ఇసుక తేలింది. ఒకనాడు పొద్దు బాగా ఎక్కాక పడవ నడిపే ఆయన పొగాకు కోసం దుకాణానికి వచ్చాడు. ఆకు చుట్టుకుంటూ నాయనతో అన్నాడు.

"ఆ ఒడ్డున ఎవరో ఒకాయన పొద్దటి సంది కూసున్నడు. మూడు దఫాలు పడవ పోయి వచ్చింది, ఎక్కడు. ఏ ఊరికయ్యా అంటే కుంటకే అంటడు. మరి రా అంటే, తరువాత పడవకు వస్తనంటడు. పైసలు లేవేమో అని ఉత్తగనే ఎక్కు అన్న. అయినా ఎక్కలే. ఎండకు ఎండి పుల్లలెక్క ఉన్నడు, జేబు తడుముకుంటనే ఉన్నడు."

లోపల రోటి చప్పుడు ఆగింది. అత్త బయటికి వచ్చింది. పడవాయనను ఒక్క ప్రశ్న అడగలేదు. లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి, ఆ తెల్ల బిళ్ళను తీసి కొంగున ముడి వేసింది. నా చెయ్యి పట్టుకుని, "పా" అంది.

పడవలో అత్త నా చెయ్యి వదల్లేదు. నొప్పి పుడుతున్నా నేనూ లాక్కోలేదు. అవతలి ఒడ్డున ఇసుకలో ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. గడ్డం, గుంటలు పడ్డ కళ్ళు, ఒంటికి వేలాడుతున్న చొక్కా. నేను ఆయన్ను గుర్తుపట్టలేదు, అంతకుముందు ఒక్కసారే చూశాను. ఆయన చెయ్యి జేబు దగ్గరికి పోయింది, అక్కడే ఆగింది.

"అది పోయింది" అన్నాడు. ఇన్నాళ్ళ తరువాత ఆయన అన్న మొదటి మాట అదే. "జ్వరంతో అస్సాంలో ఆస్పత్రిలో పడి ఉన్నాను. లేచేసరికి చొక్కా మార్చేశారు. చాలా వెతికాను. ఉత్తరాలు రాశాను, చేరాయో లేదో. ఇక్కడిదాకా వచ్చేశాను గానీ..."

మిగతాది అననివ్వలేదు అత్త. కొంగు ముడి విప్పి, ఆయన పిడికిలి తెరిచి బిళ్ళను అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"యాడికి పోలే. మీ జేబుల్నే ఉండె. ఎవరన్న అడిగితే గట్లనే చెప్పండి. నడవండి, పడవ పోతది."

అప్పుడు నాకు అర్థమైంది, బిళ్ళ ఎందుకు చేయించిందో. ఆయన రాడని కాదు. వస్తాడని. వచ్చి, చేతిలో అది లేక, ఎక్కడో ఒక గట్టు మీద కూర్చుండిపోతాడని. నేను గట్టిగా ఏడ్చేశాను. ఎందుకేడుస్తావమ్మా అని మామ నా తల నిమిరాడు. అత్త మాత్రం ఏడవలేదు. పడవ ఎక్కాక, నది మధ్యలోకి వచ్చాక, అప్పుడు ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా అరుగు మీదికి వచ్చేసింది. మామ స్నానం చేసి, అన్నం తిని, నాయన చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. పడవాయన కబురు మోయడంతో బజారులో ఉన్నవాళ్ళు కూడా వచ్చారు. దువ్వెనల ఆయన గంప దించి మెట్టు మీద కూర్చున్నాడు. అత్త చాప పరిచి పెట్టె బోర్లించింది.

"మరి బిళ్ళ తెచ్చినవా అయ్యా?" అని నాయనమ్మ అడిగింది.

"తెచ్చాను అత్తమ్మా" అని మామ జేబులోంచి తీసి, దానితోనే ఆట మొదలన్నట్టు చాప మధ్యన పెట్టాడు.

తెల్లటి వీపు, దాని మీద దువ్వెన గీతలు. అది ఎవరు చెక్కారో, ఎప్పుడు చెక్కారో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. దువ్వెనల ఆయన మెట్టు మీంచి ముందుకు వంగి, దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూశాడు.

"మంచి కట్టె" అన్నాడు. "రంగూన్ కట్టె గట్టిగుంటది." దాన్ని తిరిగి చాప మధ్యన, ఖాళీ ముఖం పైకి వచ్చేలా పెట్టాడు.

మిగతావి బోర్లించి కలిపి పంచుకున్నాం. వంతు నాది. అందరూ నా వైపు చూశారు. నాయనమ్మ మోకాలి కింద బిళ్ళను కూడా వదలని పిల్ల, ఆట దగ్గర అబద్ధమంటే బజారు వినేలా అరిచే పిల్ల, ఇప్పుడేమంటుందో అని. అత్త కూడా చూసింది.

నేను నా బిళ్ళలు చూసుకున్నాను.

"నా దగ్గర ఖాళీ ఉంది" అన్నాను, తీసి ఆయన బిళ్ళ పక్కన పెట్టాను.